అయ్య పేరు మీద మేడ

మా అయ్యకి రెండంతస్తుల లాడ్జి ఉందని నాకు మొదట చెప్పింది మా హాస్టల్ వార్డెనమ్మ. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. చలికాలం దుప్పట్లు పంచుతున్నారు. వరసలో నా వంతు వచ్చేసరికి ఆవిడ చేతిలోని దుప్పటి వెనక్కి తీసుకుని, "మీ అయ్య లాడ్జి నిండా పరుపులే కదే, నీకు సర్కారు దుప్పటి ఎందుకు?" అంది. వెనకున్న పిల్లలు నవ్వారు. ఆవిడ నన్ను చూసి ఇంకెవరో అనుకుంటోందనుకుని నేనూ నవ్వాను. దుప్పటి మాత్రం ఇవ్వలేదు. ఆ చలికాలమంతా పక్క మంచం పిల్ల దుప్పట్లో దూరి పడుకున్నాను. ఆ పిల్లకి కోపం వస్తే కాలితో తన్ని బయటికి తోసేసేది.

సెలవులకి ఇంటికెళ్లి అమ్మనడిగాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రాగి అంబలి కలుపుతోంది. "మీ అయ్యనడుగు" అంది. అయ్య ఏమీ దాచలేదు. "పేరు నాది, మేడ సావుకారుది" అన్నాడు. ఇందులో అడగడానికేముంది అన్నట్టుంది ఆయన గొంతు.

మాది అరకు లోయకి ఎగువన ఒక కొండవార ఊరు. కిందికి దిగితే సంత జరిగే ఊరు వస్తుంది. ఆ ఊళ్లో సావుకారుకి కిరాణా కొట్టు, దాని పక్కనే భోజన హోటలు. విజయనగరం వైపు నుంచి వాళ్ల తాత చింతపండు, పసుపు కొనడానికి కొండెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. అయ్య పెళ్లికి ముందు నుంచీ ఆ హోటల్లో నీళ్లు మోసేవాడు. గెడ్డలో కుండలు ముంచి, కావడి వేసుకుని, ఏటవాలు దారిలో పైకి తెచ్చేవాడు. భుజం మీద కావడిబద్ద ఆనేచోట చర్మం ఎద్దు మెడలా గట్టిపడిపోయింది.

మా ఏజెన్సీలో కొండవాళ్ల భూమిని కింది ఊళ్లవాళ్లు కొనకూడదని చట్టం. ఆ సంగతి అందరికీ తెలుసు. దాన్ని దాటే దారి కూడా అందరికీ తెలుసు. తమ దగ్గర పని చేసే కొండవాడి పేరు మీద స్థలం కొంటారు, అతని పేరు మీదే ఇల్లు కడతారు, అందులో వీళ్లుంటారు. తొంభైలు సగం గడిచేసరికి విశాఖపట్నం నుంచి వచ్చే టూరిస్టులు పెరిగారు. చలికాలంలో రైలు దిగి పడుకోవడానికి చోటు లేక స్టేషన్లోనే మూటల్లా కూర్చునేవారు. సావుకారు మెయిన్ రోడ్డు మీద స్థలం చూసి, అయ్యని పిలిచి, "ఒరే, నీ పేరు మీద మేడ కడతన్నాను. ఇయ్యాల్టి నుంచి నువ్వు ఓనరువి. తెల్సిందా?" అన్నాడట. అయ్యకి సంతకం చెయ్యడం వచ్చు. పెట్టమన్న చోటల్లా పెట్టాడు. ఆ రోజు సావుకారు ఇంట్లో మాంసంతో భోజనం పెట్టారని చాలా ఏళ్లు చెప్పుకునేవాడు.

మేడ లేచింది. ఇంటి నంబరు అయ్య పేరు మీద, కరెంటు మీటరు అయ్య పేరు మీద. అయ్య పని మాత్రం మారలేదు. హోటలుకి మోసే నీళ్లతో పాటు లాడ్జి పై అంతస్తుకి కూడా మోయాల్సొచ్చింది.

ఆ మేడ మా ఇంటికి తెచ్చిన మొదటి నష్టం బియ్యం. ఎవరో లెక్కలు రాసుకోవడానికి వచ్చి మా తెల్ల కార్డు తీసుకుపోయి, గులాబీ కార్డు ఇచ్చారు. గులాబీ కార్డుకి చవక బియ్యం రావు. తర్వాత ఊరందరికీ సర్కారు ఇళ్లు ఇచ్చినప్పుడు మా గడప దాటి పక్క గడపకి వెళ్లిపోయారు. అమ్మ వెంటపడితే జాబితా రాసే గుమాస్తా, "సంతలో మేడుంచుకుని ఇక్కడ పాకలో నాటకాలేటమ్మా?" అన్నాడు. అయ్య వెళ్లి సావుకారుతో చెప్పుకున్నాడు. సావుకారు జాలిగా విని, కొట్టు వెనక ఉన్న పురుగు పట్టిన నూకల బస్తా చూపించి తీసుకుపొమ్మన్నాడు. అమ్మ ఆ నూకల్ని ఎండబెట్టి, చెరిగి, మళ్లీ ఎండబెట్టి వండింది. ఎంత చెరిగినా అన్నంలో పురుగు కనపడేది. తర్వాత సావుకారు ఇవ్వలేదు, అయ్య అడగలేదు.

పంచాయతీ కొత్త రుసుము పెట్టింది అప్పుడే.

ఆ రుసుము తప్పని నేను ఇప్పటికీ అనను. లాడ్జిల మురుగు రోడ్డు మీద పారి దిగువ వీధి బావిలో కలిసేది. ఆ వీధిలో పిల్లలకి ఏటా వాంతులు, విరేచనాలు. సిమెంటు, ఇసుక లారీలు తిరిగి రోడ్డు గుంతలు పడింది. టూరిస్టులు పారేసిన ప్లాస్టిక్కు గెడ్డలో చేరింది. పంచాయతీ దగ్గర చీపురు కొనడానికి కూడా డబ్బులుండేవి కావు. అందుకని మెయిన్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ప్రతి మేడా, అంతస్తుకి ఇంతని, అభివృద్ధి రుసుము కట్టాలని తీర్మానం చేశారు. ఆ డబ్బుతో కాలవలు, కుళాయిలు, వీధి దీపాలు వేస్తామన్నారు. కట్టకపోతే ఏటా జరిమానా పెరుగుతుంది. బాకీ తీరేదాకా ఇల్లు అమ్మినా కాగితాల్లో పేరు మార్చరు. జనం దాన్ని "డెవలప్‌మెంటు" అనేవారు. "డెవలప్‌మెంటు కట్టేవా?" అని ఒకరినొకరు పలకరించుకునేవారు.

సావుకారు కట్టలేదు. పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నికల్లో సావుకారు ఎదుటివాడి వైపు నిలబడ్డాడు, ఆ కక్ష రెండు వైపులా ఉంది. బిల్లు కలెక్టరు కొట్టుకి వచ్చి నోటీసు చాపితే సావుకారు చెయ్యి కూడా పెట్టలేదు. "ఓనరు నాను కాదు బాబూ. అదిగో, కావడి మోసుకొస్తన్నాడే, ఆ బాబుగారికియ్యి" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. బిల్లు కలెక్టరు రోడ్డు దాటి వెళ్లి, అయ్య కావడి దించేవరకూ నిలబడి, తడి చేతుల్లోనే ఆ కాగితం పెట్టాడు.

దసరా సెలవుల్లో నేను వెళ్లేసరికి ఆ కాగితం తడిసి, ఎండి, అప్పడంలా వంకరపోయి చూరులో దూర్చి ఉంది. చదివి చెప్పాను. మేము మా పొలం, పశువులు, కోళ్లు అన్నీ అమ్మినా అందులో సగానికి రాదు. అయ్య సావుకారు దగ్గరికి వెళ్లాడు. నేను కూడా వెళ్లాను.

"బాబూ, ఇది మరి..." అని అయ్య కాగితం చాపాడు.

సావుకారు తక్కెట్లో చింతపండు తూస్తూ, "నువ్వు కంగారు పడకు. సర్కారోల్ల కాగితాలు చెట్టు ఆకుల్లాంటివి. రాల్తాయి, పోతాయి. ఈ గుంటని బేగి ఇంటికి తోలు, ఎండలో తిప్పకు" అన్నాడు.

అయ్యకి ధైర్యం వచ్చింది. అమ్మకి రాలేదు. ప్రెసిడెంటు కొండవాడే, అమ్మకి వరసకి అన్న, నాకు మావయ్య. అయ్యని, నన్ను తోడిచ్చి, ఆయన దగ్గరికి తోలింది.

మావయ్య అరుగు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "బావా, అది నాది కాదని నీకు తెల్దా?" అన్నాడు అయ్య.

"తెల్సు."

"మరి నోటీసు నాకెందుకు?"

"పేరు నీది కాబట్టి. నాది కాదని రాసియ్యి, కొట్టేస్తాను. రాసిస్తే సట్టం తప్పి పేరిచ్చినందుకు నీ మీద కేసు, కొన్నందుకు సావుకారు మీద కేసు. సావుకారుకి లాయర్లున్నారు. నీకెవులున్నారు? రాస్తావా?"

అయ్య టీ తాగి లేచి వచ్చేశాడు.

రెండో ఏడాది వానలు పడగానే బిల్లు కలెక్టరు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని మా ఊరొచ్చాడు. వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి, నేను ఇంటి దగ్గరే ఉన్నాను. అయ్య కిందికి నీళ్లు మొయ్యడానికి వెళ్లిపోయాడు. అమ్మ ఎడ్లని పొలానికి తోలుకెళ్లబోతోంది. వాళ్లు రుసుము బాకీ కింద ఎడ్లని తీసుకుపోతామన్నారు.

"మేడలో మంచాలున్నాయి, పరుపులున్నాయి. అయి తీసుకెల్లండి" అంది అమ్మ.

"అవి అద్దెకి తెచ్చినవంట. సావుకారు కాగితం చూపించాడు" అన్నాడు బిల్లు కలెక్టరు. "ఓనరు ఆస్తి ఓనరు ఇంటి దగ్గరే ఉంటుంది కదమ్మా."

అమ్మ పలుపుతాడు చేతికి చుట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. వాళ్లలో ఒకడు ఆమె ముందు గొంతుక్కూర్చుని, నెమ్మదిగా, చిక్కు తీస్తున్నట్టు, ఒక్కొక్క వేలూ విప్పాడు. చిటికెన వేలు విప్పుతున్నప్పుడు అమ్మ వాడి చెయ్యి కొరికింది. వాడు ఆ వేలు వెనక్కి విరిచాడు. అది మళ్లీ సరిగ్గా వంగలేదు. ఊళ్లోవాళ్లు ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడి చూశారు. మా పక్కింటామె తన మేకల్ని బేగి లోపలికి తోలేసుకుంది.

సంత రోజున చింతపండు రాశుల పక్కన ఎడ్లని కట్టేసి పాట పెట్టారు. వానాకాలంలో అమ్మకానికి వచ్చిన ఎడ్లంటే యజమాని చితికిపోయాడని సంతంతటికీ తెలుసు, అందుకని పాట పైకి లేవలేదు. ఘాట్ రోడ్డు మీదుగా పశువుల్ని కిందికి తోలుకుపోయే వ్యాపారి ఒకడు పాడుకున్నాడు. వాడు కొన్నవి ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు. అయ్య కావడి భుజాన వేసుకుని రోడ్డుకి అవతల నిలబడి చూస్తున్నాడు. సావుకారు కొట్టులోంచి, "ఒరే, పైగదుల్లో టూరిస్టులు స్నానాలకి కూకున్నారు. నీల్లు బేగి తే" అని కేకేశాడు. అయ్య గెడ్డలోకి దిగిపోయాడు. పైకొచ్చేసరికి ఎడ్లు లేవు.

వచ్చిన డబ్బు జరిమానాకే సరిపోయింది, అసలు అలాగే ఉందని పంచాయతీ వాళ్లు చెప్పారు.

ఆ మర్నాడు అమ్మ కుండలు, చాప, అంబలి పిండి మూటగట్టింది. కోడిని చంకన పెట్టుకుంది. హాస్టల్ తెరిచినా నన్ను పంపకుండా మేకని పట్టుకోమంది. ఇద్దరం కిందికి దిగి లాడ్జిలోకి వెళ్లాం. తాళం చెవులు తగిలించే మేకుల నుంచి ఒక చెవి తీసుకుని, మెట్లెక్కి, మూల గది తెరిచింది. "నోటీసు మాది. ఎడ్లు మాయి. ఇల్లు మాత్రం ఇంకెవుల్దో అయిపోద్దేటి?" అని పరుపు మీద కూర్చుంది. కోడిని బాత్రూంలో వదిలింది. నేను స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగింది. దాన్ని చూస్తూ చాలాసేపు పడుకున్నాను.

సావుకారు కొట్టలేదు, తిట్టలేదు. మెట్ల కింద నిలబడి అయ్యతో మాత్రం అన్నాడు, "నీ పెళ్లాం గదిలో దిగింది. దిగనీ. రోజు అద్దె నీ జీతంలో పట్టుకుంటాను." ఆ రోజు నుంచి హోటల్లో అయ్యకి అన్నం పెట్టడం మానేశారు. అయ్య మాతో పాటు పైకి రాలేదు. మెట్ల కింద, పని పొద్దుపోయిన రోజుల్లో పడుకునే చోటే పడుకునేవాడు. అమ్మ పై నుంచి, "ఓనరుగారూ, పైకి రారేటి?" అని పిలిచి నవ్వేది. ఆ నవ్వు వినలేక ఆయన కావడి తీసుకుని పని లేకపోయినా గెడ్డకి వెళ్లేవాడు.

గిరిజనుల వ్యవహారాలు చూసే ఆఫీసుకి వెళ్లమని ఎవరో అమ్మకి చెప్పారు. బస్సెక్కి వెళ్లాం. ఆఫీసరు కుర్రవాడు, మంచివాడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి అంతా విన్నాడు. "చట్టం ప్రకారం ఆ ఇల్లు మీదేనమ్మా. మిమ్మల్ని ఎవరూ ఖాళీ చేయించలేరు. పంచాయతీ బాకీ కట్టేసి రసీదు తెచ్చుకోండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ మాట ఆగలేదు. కింది గదులు అద్దెకిస్తుందట. పైన మేముంటామట. బాత్రూంలో కోళ్లు పెంచుతుందట. నన్ను హాస్టల్ మాన్పించి అక్కడి నుంచే బడికి పంపుతుందట. విరిగిన వేలితోనే కిటికీలోంచి లాడ్జి ఎలా ఉంటుందో గాలిలో గీసి చూపించింది. అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

మావయ్య విడతలుగా కట్టనివ్వనన్నాడు. "నీకు విడతలిస్తే రేపు మిగతా లాడ్జిలోల్లు నా పీక మీద కూకుంటారు. ఒక్కపాలి కట్టు" అన్నాడు. అమ్మ మేకనమ్మింది, ఇత్తడి బిందె అమ్మింది, భూమిలో ఉన్న పసుపు తవ్వకముందే అమ్మింది. హుకుంపేట దగ్గర ఊళ్లలో ఉన్న చుట్టాలందరి ఇళ్లకీ తిరిగింది. ఎక్కడికెళ్లినా ఒకటే మాట. "మేడున్నోల్లు మమ్మల్నడగడమేటి?" మా అమ్మమ్మ సొంత చెల్లెలు అన్నం పెట్టకుండానే తలుపు వేసేసుకుంది. అంతా కలిపి చూస్తే రుసుములో ఏ మూలకీ రాలేదు.

ఈ రోజులన్నిట్లోనూ మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాడు ఒక్క మా చిన్నాన్నే. అయ్యకి తమ్ముడు. సాయంత్రాలు గదికి వచ్చి, మాతో పాటు అంబలి తాగి, ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు, ఇంకా ఎంత తక్కువైంది అని అడిగేవాడు. అమ్మ అన్నీ చెప్పేది.

ఒక పొద్దున్న అతను సావుకారుతోనూ, కింది నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరుతోనూ కలిసి మెట్లెక్కి వచ్చాడు. కాంట్రాక్టరు లాడ్జి కొంటున్నాడు. పేరు చిన్నాన్నది.

"అన్నా, నువ్వు కట్టలేవు" అన్నాడు చిన్నాన్న, మెట్ల మీద నిలబడ్డ అయ్యతో. "నీ కాడ ఎంతుందో నాకు తెల్సు. పేరు నాకు మార్సీ. బాకీ ఈ బాబు కట్టేత్తాడు. నీకు పీడా పోద్ది."

"నీకేటిత్తన్నారు?" అంది అమ్మ.

చిన్నాన్న కాంట్రాక్టరు వంక చూశాడు. కాంట్రాక్టరే చెప్పాడు. "లూనా బండి అడిగాడు. ఇచ్చాం."

అమ్మ చిన్నాన్న మొహం మీద ఉమ్మింది. చిన్నాన్న తుడుచుకున్నాడు గాని వెనక్కి జరగలేదు.

సావుకారు అయ్య భుజం మీద, ఆ గట్టిపడిన చోట, చెయ్యి వేశాడు. "ఒరే, నేను నిన్ను బలవంత పెట్టను. సంతకం పెట్టకపోతే మేడ నీదే. మరి రుసుమూ నీదే. వచ్చే వానలకి మళ్లీ వస్తారు. ఇంక ఎడ్లు లేవు గదా, ఈసారి పంట పట్టుకెల్తారు. ఆలోచించుకో."

అయ్య ఆలోచించుకోలేదు. కింద కౌంటరు బల్ల మీద, చూపించిన చోటల్లా పేరు రాశాడు. కాంట్రాక్టరు అక్కడే డబ్బు తీసి బిల్లు కలెక్టరుకి ఇచ్చాడు. అతను రసీదు రాసి, పాత యజమాని కాబట్టి అయ్య చేతిలో పెట్టాడు. అయ్య నన్ను పిలిచి చదివించుకున్నాడు. బాకీ లేదని రాసుందని చెప్తే మొహం తేటపడింది. అప్పుడు సావుకారుని మెల్లగా, "బాబూ, ఎడ్లు?" అనడిగాడు.

"ఎడ్లు నానేటి తిన్నానా? పంచాయతీ తిన్నాది" అన్నాడు సావుకారు.

ఆ పూటే గది ఖాళీ చెయ్యమన్నారు. మా కుండల్ని చిన్నాన్నే కిందికి మోసి రోడ్డు పక్కన పెట్టాడు. మేమింకా గుమ్మం దాటకముందే పిన్ని చీపురు పట్టుకుని లోపలికి వచ్చి ఊడవడం మొదలుపెట్టింది. ఆ దుమ్ము మా కాళ్ల మీద పడింది. కోడి దొరకలేదు. దాని కోసం అమ్మ మెట్ల కింద వెతుకుతుంటే కాంట్రాక్టరు మనిషి, "కోడికీ రసీదు కావాలేటి?" అన్నాడు.

మేడ పోయింది గదా, కార్డు తిరిగి తెల్లబడుతుందనుకున్నాం. ఆఫీసులో గుమాస్తా, "మేడ అమ్ముకున్నారు, ఆ డబ్బేదీ?" అన్నాడు. డబ్బు మాకు రాలేదంటే, "డబ్బు తీసుకోకుండా మేడ ఎవరైనా అమ్ముతారా?" అన్నాడు. మా ఊరివాళ్లదీ అదే అనుమానం. ఒక సంత రోజు మేము తిరిగి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి తవ్వేసి ఉంది. మూడు రాళ్లూ మూడు మూలలకి దొర్లించి, కింద మోకాలి లోతు గొయ్యి తీశారు. దొంగలకి ఏం దొరికిందో గాని, అమ్మ ఆ రాత్రి వంట చెయ్యలేదు. ఊళ్లో ఎవరింటికెళ్లినా వాళ్ల చేతుల వంక చూడ్డం అలవాటు చేసుకుంది, గోళ్లలో బూడిద ఉందేమోనని.

రుసుము డబ్బుతో పంచాయతీ కాలవ కట్టింది. అది లాడ్జిల ముందు నుంచి మొదలై లాడ్జిల చివర ఆగిపోయింది. అక్కడి నుంచి మురుగు మునుపటి కంటే వేగంగా దిగువ వీధిలోకి పోయేది.

కాంట్రాక్టరు మూడో అంతస్తు లేపాడు. దానికి మళ్లీ రుసుము. అది ఎవరి పేరు మీద వచ్చిందో చెప్పక్కర్లేదు. చిన్నాన్న తెల్ల కార్డు కూడా పోయింది. లూనాకి పెట్రోలు లేక పాక వెనక పడి తుప్పు పట్టింది. జీడిమామిడి పూత కాలంలో అతను మా ఇంటికొచ్చాడు. పిల్లలు మామిడి టెంకపిండి అంబలి తాగుతున్నారనీ, కుంచెడు రాగులు ఇమ్మనీ అడిగాడు. అమ్మ గాదెలోంచి కుంచం నిండా రాగులు తెచ్చింది. అతను తుండుగుడ్డ పరిచాడు. అతని కళ్ల ముందే అమ్మ వాటిని వాకిట్లో కోళ్లకి జల్లింది. చిన్నాన్న కాసేపు ఆ కోళ్లని చూసి, గుడ్డ దులుపుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అయ్య అరుగు మీదే ఉన్నాడు.

ఎడ్లు పట్టుకెళ్లిన సంగతి గుర్తొచ్చిందేమో, వానలకి ముందే చిన్నాన్న ఎవరికీ చెప్పకుండా కేరళ వైపు తోటల పనికి పోయాడు. పిన్ని లాడ్జిలోనే ఊడ్చుకుంటూ ఉండిపోయింది.

రెండేళ్లకి కాంట్రాక్టరుకి ఆ లాడ్జి అమ్మాల్సిన అవసరం పడింది. ఊళ్లో స్నానానికి వేడినీళ్లొచ్చే కొత్త లాడ్జిలు వచ్చాయి, దీనిలోకి మనుషులు రావడం తగ్గింది. కొనేవాడు దొరికాడు, పెట్టుకోవడానికి ఇంకో కొండవాడి పేరూ దొరికింది. సంతకం పెట్టాల్సిన చిన్నాన్న లేడు. కాంట్రాక్టరు జీపులో మా ఊరొచ్చి అయ్యనడిగాడు. కేరళలో ఎక్కడున్నాడో పిన్నికి కబురొచ్చింది, అది మాకూ తెలుసు. అయ్య తెలియదన్నాడు. చెప్తే మంచి డబ్బిస్తానన్నాడు. అయినా తెలియదన్నాడు. తమ్ముడి మీద ప్రేమో, కాంట్రాక్టరు మీద కక్షో నేను తేల్చుకోలేకపోయాను. జీపు వెళ్లాక అడిగితే, "ఆడి గొడవ ఆడిది" అన్నాడు.

పిన్నినడిగితే చెప్పేసేదే. కానీ అంత దూరం వెళ్లి వెతికి తేవడం కంటే కాంట్రాక్టరుకి తేలికైన దారి దొరికింది. మనిషి పోయాడని కాగితం పుట్టిస్తే భార్య సంతకం చాలు. పిన్ని ముందు ఒప్పుకోలేదు. లాడ్జిలో పని తీసేస్తామన్నారు. చిన్నాన్న పేరు మీద పేరుకున్న రుసుము ఆమె పిల్లల నెత్తిన పడుతుందన్నారు. ఒకరోజు ఆమె బొట్టు తుడుచుకుని, గాజులు తీసేసి, బోసి చేతులతో పంచాయతీ ఆఫీసుకి వచ్చి, మొగుడు జొరమొచ్చి చచ్చిపోయాడని వేలిముద్ర వేసింది. ఆఫీసులో కొంతమందికైనా నిజం తెలుసు. ఎవరూ తలెత్తలేదు. బాకీ కట్టారు, పేరు మారింది, లాడ్జి అమ్ముడుపోయింది. ఆ సాయంత్రం పిన్ని గాజులు మళ్లీ వేసుకోబోతే కాంట్రాక్టరు మనిషి, "ఇంకెప్పుడూ ఎయ్యకు, సూసినోల్లు ఏటనుకుంటారు?" అన్నాడట. ఆమె వేసుకోలేదు.

ఆ మరుసటి ఏడు చిన్నాన్న తిరిగొచ్చాడు. దగ్గుతూ, సగం మనిషై వచ్చాడు. లాడ్జి దగ్గరికి వెళ్తే పిన్ని బయటికి రాలేదు. అతను బతికున్నట్టు పదిమందికీ తెలిస్తే తనని జైల్లో వేస్తారని ఆమె భయం. తలుపు సందులోంచే, "నువ్వు సచ్చిపోయావు. ఎల్లిపో" అందట. పిల్లలు లోపల ఏడుస్తున్నారట. కార్డు కోసం ఆఫీసుకెళ్తే జాబితాలో పేరు కొట్టేసి ఉంది. ఓటర్ల లిస్టులోనూ లేదు. బతికే ఉన్నానంటే రుజువేదన్నారు. తాను బతికే ఉన్నానని చెప్పే మనిషి కోసం అతను మా ఊరొచ్చాడు.

అప్పటికి నేను చదువు ముగించి, కొయ్యూరు వైపు ఒక బడిలో వాలంటీరు టీచరుగా చేరాను. జీతం తీసుకుని ఇంటికొచ్చిన రోజు అది. చిన్నాన్న వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు. అతను చెప్పిందంతా అమ్మ గడపలో నిలబడి విన్నది.

"సచ్చినోడికి కూడు ఆకులో ఏసి ఊరవతల పెడతారు గాని, ఇంట్లోకి పిలిసి ఎవులెడతారు?" అంది.

లోపలికెళ్లి నిజంగానే అడ్డాకులో అన్నం వేసి, కూర వేసి, తీసుకెళ్లి ఊరి చివర రాయి మీద పెట్టి వచ్చింది. చిన్నాన్న లేచి అక్కడికి నడిచి వెళ్లి కూర్చుని తిన్నాడు. అంత ఆకలి మీద ఉన్నాడు. ఊరి పిల్లలు దయ్యం దయ్యమని దూరం నుంచి రాళ్లు విసిరారు. అయ్య వెళ్లి వాళ్లని తరిమి, తమ్ముడు తినేవరకూ అక్కడే నిలబడ్డాడు గాని పక్కన కూర్చోలేదు.

అతన్ని పశువుల పాకలో పడుకోనిచ్చారు. అమ్మ ఎన్నడూ గడప లోపలికి రానివ్వలేదు, అన్నం మాత్రం అడ్డాకులోనే బయట పెట్టేది. అతను బతికున్నాడని అయ్య ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. చెప్తే అమ్మకం చెడుతుంది, కాంట్రాక్టరు వస్తాడు, ఆ పేరు మీద మళ్లీ ఏదో ఒక రుసుము వస్తుంది. నేను ఒకసారి వెళ్లి చెప్తానంటే చిన్నాన్నే వద్దన్నాడు. "ఒద్దులే అమ్మా. సచ్చినోడికి నోటీసు రాదు" అన్నాడు.

ఒంట్లో కాస్త బాగున్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ కాఫీ తోటలో కూలికి పోయేవారు. అయ్య ముందు, అతను వెనక. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే వరస చెట్లలో గింజలు కోసేవారు. కూలి ఇచ్చేటప్పుడు మేస్త్రీ చిన్నాన్న పేరడిగితే, అతను అయ్య వంక చూసేవాడు. అయ్య అతనికీ తన పేరే చెప్పి, ఇద్దరి కూలీ తనే తీసుకునేవాడు.